సంచి మీద రెండక్షరాలు

డబ్లిన్ నగరంలో బాలీమన్ అనే పేట ఉంది. అక్కడ యువజనుల కోసం ఒక కేంద్రం కట్టారు. రంగులు వేసి తలుపులు తెరిచిన కొద్దికాలానికే గచ్చు పగిలింది, పైకప్పూ పగుళ్ళిచ్చింది. పునాది కుంగితే నేల కిందికి దిగాలి. ఇక్కడ నేల పైకి లేచింది! తవ్వి చూస్తే తప్పు కాంక్రీటుది కాదు, దాని కింద పరిచి దిమ్మిస కొట్టిన కంకరది అని తేలింది.

ఆ కంకరలో పైరైట్ ఉంది. ఇనుము, గంధకం కలిసిన ఖనిజమిది. పసుపు మెరుపు చూసి బంగారమని భ్రమపడేవాళ్ళు పూర్వం చాలామంది. భూమి లోతుల్లో ఉన్నంతకాలం అది దాని మానాన అది ఉంటుంది. క్వారీలో పేల్చి, క్రషర్‌లో నలగ్గొట్టి, గాలీ తేమా తగిలే చోట పరిస్తే మాత్రం ఆక్సిజన్‌తో కలిసి సల్ఫ్యూరిక్ ఆమ్లం పుట్టిస్తుంది. పక్కనే ఉన్న సున్నపురాయి మీద ఆ ఆమ్లం పనిచేస్తే జిప్సం తయారవుతుంది. జిప్సం స్ఫటికాలకు సున్నపురాయి కంటే ఎక్కువ చోటు కావాలి. రాతి పొరల మధ్య అవి పెరుగుతూ పోతే కంకర మొత్తం ఉబ్బుతుంది, పైనున్న గచ్చును ఎత్తేస్తుంది. కంటికి కనిపించని వేగంతో, ఏళ్ళ తరబడి సాగే పని ఇది. డబ్లిన్ చుట్టుపక్కల ఎన్నో ఇళ్ళు ఇలాగే దెబ్బతిన్నాయి. చివరికి ఐర్లండ్ ప్రభుత్వం 2013లో పైరైట్ బాధితుల కోసమే ఒక చట్టం చేయాల్సి వచ్చింది.

బాలీమన్ భవనాన్ని కట్టిన జేమ్స్ ఎలియట్ కన్‌స్ట్రక్షన్ తన ఖర్చుతోనే మరమ్మతు చేసింది. 15 లక్షల యూరోలు దాటింది. ఆ సొమ్ము కోసం కంకర అమ్మిన ఐరిష్ అస్ఫాల్ట్ మీద దావా వేసింది. కేసు డబ్లిన్ హైకోర్టు నుంచి సుప్రీంకోర్టుకు, అక్కడి నుంచి లక్సెంబర్గ్‌లోని యూరప్ న్యాయస్థానానికి చేరింది. అక్కడ తేలాల్సిన ప్రశ్నల్లో ముఖ్యమైనది ఒకటుంది. కంకరలో గంధకం ఎంత ఉండాలో చెప్పే ఈఎన్ 13242 అనే ప్రమాణం ఎవరిది? దాన్ని రాసింది పార్లమెంటు కాదు; సెన్ అనే ప్రైవేటు ప్రమాణాల సంస్థ. మరి దానికి చట్టం విలువ ఉందా?

ఉందని 2016 అక్టోబరు 27న తీర్పు వచ్చింది. రాసింది ఎవరైనా, యూరోపియన్ కమిషన్ అడిగి రాయించి, అధికారిక పత్రికలో ప్రకటించిన ప్రమాణం యూరప్ చట్టంలో భాగమే అన్నారు న్యాయమూర్తులు. దాంతోపాటు మరో మాట కూడా అన్నారు. ప్రమాణం ప్రకారం ఉన్న సరుకు పనికొస్తుందని చట్టం అనుకోవడం మార్కెట్లో అది స్వేచ్ఛగా తిరగడానికే. ఇద్దరు వ్యాపారుల మధ్య ఒప్పందం తగువును తేల్చే జడ్జిని అది కట్టిపడేయదు.

ఈ రెండో మాటలోనే ఈ అధ్యాయం కథంతా ఉంది. యూరప్‌లో సిమెంటు సంచి మీద, కిటికీ చట్రం మీద, నేలకు పరిచే బండల ప్యాకింగు మీద కనిపించే సీఈ అనే రెండక్షరాలు ఆ సరుకును ఒక దేశం నుంచి మరో దేశానికి ఆటంకం లేకుండా పోనిస్తాయి. అవి మంచి సరుకుకిచ్చే యోగ్యతాపత్రం కావు. కొనేవాళ్ళలో చాలామంది మాత్రం వాటిని అలాగే చూస్తున్నారు.

ఈ గుర్తు వెనక ఒక ఫ్రెంచి మద్యం సీసా ఉంది. కాసిస్ ద దిజోన్ అనే తీపి మద్యాన్ని ఒక జర్మన్ వ్యాపారి దిగుమతి చేసుకోబోతే, ఆల్కహాలు శాతం తక్కువైందని జర్మనీ అడ్డుకుంది. ఒక దేశంలో చట్టప్రకారం తయారై అమ్ముడవుతున్న సరుకును సరైన కారణం లేకుండా మరో దేశం ఆపకూడదని 1979లో యూరప్ న్యాయస్థానం తీర్పిచ్చింది. 1985లో యూరప్ కొత్త పద్ధతి పట్టింది: చట్టంలో ముఖ్యమైన అవసరాలు మాత్రమే రాసి, కొలతలూ పరీక్షలూ ప్రమాణాల సంస్థలకు వదిలేయడం. అదే దారిలో 1988 డిసెంబరులో నిర్మాణ సామగ్రి మీద డైరెక్టివ్ వచ్చింది. దాని కింద బ్రిటన్, ఐర్లండ్, స్వీడన్ వంటి దేశాలు సీఈ గుర్తును ఐచ్ఛికంగానే చూశాయి. 305/2011 నంబరు రెగ్యులేషన్ 2013 జులై 1న పూర్తిగా అమల్లోకి వచ్చాకే ఉమ్మడి ప్రమాణం ఉన్న ప్రతి నిర్మాణ వస్తువుకూ అది తప్పనిసరైంది.

బొమ్మకారు మీద సీఈ ఉంటే ఆ బొమ్మ పిల్లల భద్రత నియమాలకు లోబడి ఉందని అర్థం. ఇటుక మీద అదే సీఈ ఉంటే అర్థం వేరు. ఇటుక తనంతట తాను భద్రమైనదీ కాదు, ప్రమాదకరమైనదీ కాదు. అది ఏ గోడలోకి వెళ్తుంది, ఎన్ని అంతస్తులు మోస్తుంది, ఆ ఊళ్ళో మంచు పడుతుందా లేదా అన్నదాన్ని బట్టి దాని సంగతి తేలుతుంది. కట్టడం ఎలా ఉండాలో నిర్ణయించే అధికారం ఇప్పటికీ ఆయా దేశాలదే. అందుకే నిర్మాణ వస్తువు మీది సీఈ ఒక్క మాటే చెబుతుంది: తయారీదారు ప్రకటించిన పనితీరును అందరికీ ఒకే రకమైన పరీక్షతో కొలిచారు, ఆ ప్రకటనకు తయారీదారే బాధ్యుడు. ఆ ప్రకటన వేరే కాగితం మీద ఉంటుంది. దాని పేరు డిక్లరేషన్ ఆఫ్ పెర్ఫార్మెన్స్. పనితీరు ప్రకటన అనుకుందాం. అసలు సరుకు అందులోనే ఉంది.

ఒకే పరీక్ష అన్న మాట చిన్నది కాదు. సిమెంటునే చూడండి. ఉమ్మడి ప్రమాణం మొట్టమొదట వచ్చింది దీనికే. 2000 నాటి ఈఎన్ 197-1. పోర్చుగల్ సిమెంటును ఫిన్లండ్‌లో నమ్మాలంటే రెండు చోట్లా దాన్ని ఒకేలా విరగ్గొట్టాలి. కాబట్టి ప్రయోగశాలలో వంటకంలా కచ్చితమైన పాళ్ళు పెట్టారు: 450 గ్రాముల సిమెంటు, 1350 గ్రాముల ఇసుక, 225 గ్రాముల నీళ్ళు. ఆ ఇసుక కూడా ఏటిలోంచి తోడి తెచ్చింది కాదు. రేణువుల పరిమాణం జల్లెడ పట్టి సరిచూసి, సరిగ్గా 1350 గ్రాముల పొట్లాల్లో అమ్మే ప్రామాణిక ఇసుక. మన దేశంలో ఇదే పనికి తమిళనాడులోని ఎన్నూరు ఇసుక వాడతారు. కలిపిన మోర్టార్‌ను 40 మిల్లీమీటర్ల మందం, 40 వెడల్పు, 160 పొడవున్న అచ్చుల్లో సగం దాకా పోసి, ఎగిరిపడే బల్ల మీద పెట్టి 60 కుదుపులు కుదిపి, మిగతా సగం నింపి మళ్ళీ 60 కుదుపుతారు. మర్నాడు అచ్చు విప్పి 20 డిగ్రీల నీళ్ళలో వేస్తారు. 28వ రోజున బయటికి తీసి మధ్యలో వంచి విరుస్తారు. వచ్చిన రెండు ముక్కల్నీ విడివిడిగా నొక్కుతారు.

42.5 తరగతి సిమెంటైతే ఆ ముక్క చదరపు మిల్లీమీటరుకు కనీసం 42.5 న్యూటన్లు తట్టుకోవాలి. నొక్కే ముఖం 40కి 40 మిల్లీమీటర్లే. అంటే ఆ చిన్న ముక్క దాదాపు 7 టన్నుల బరువు మోయాలి. ఈ తరగతికి పై హద్దు కూడా ఉంది, 62.5 దాటకూడదు. బలం ఎక్కువైతే మంచిదే కదా అనిపించవచ్చు. కానీ డిజైన్ చేసే ఇంజనీరుకు కావాల్సింది ఊహించగలిగే సరుకు. ఒక సంచికీ మరో సంచికీ పొంతన లేకపోతే ఎక్కువ బలంతోనూ తంటాయే.

మన సిమెంటు సంచి మీది 53 గ్రేడు, యూరప్ సంచి మీది 52.5 చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. కానీ మన దగ్గర పరీక్షించేది ఒక్కో ముఖం 50 చదరపు సెంటీమీటర్లుండే ఘనం. ఇసుక వేరు, నీళ్ళ లెక్క వేరు. ఆ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి ఇది అర పాయింటు ఎక్కువ అనడానికి వీల్లేదు.

ఇంత కచ్చితంగా కొలిచినా, కొలిచింది ఎవరు అన్న ప్రశ్న మిగులుతుంది. దానికి యూరప్ అంచెలు పెట్టింది: 1+, 1, 2+, 3, 4. సిమెంటు అన్నిటికంటే కఠినమైన 1+లో ఉంది. బయటి సంస్థ ఫ్యాక్టరీని తనిఖీ చేయడమే కాదు, తానే నమూనాలు తీసి పరీక్షిస్తుంది. ఆ సంస్థను నోటిఫైడ్ బాడీ అంటారు. దాని నాలుగంకెల నంబరు సీఈ పక్కనే అచ్చవుతుంది. అంచెలు మారేకొద్దీ బయటివాళ్ళ ప్రమేయం తగ్గుతుంది. నాలుగో అంచెలో అన్నీ తయారీదారే చూసుకుంటాడు. గుర్తు మాత్రం సిమెంటు సంచి మీదా, నాలుగో అంచె సరుకు మీదా ఒకేలా ఉంటుంది. పక్కన ఆ నాలుగంకెలు ఉన్నాయో లేదో చూడటం కొనేవాడు చేయగల మొదటి పని.

రెండో పని, ప్రకటనలో ఖాళీలు వెతకడం. ఒక వస్తువుకు ప్రమాణంలో పది లక్షణాలు ఉన్నాయనుకోండి, పదీ ప్రకటించాలని లేదు. అమ్మే దేశం అడగని చోట తయారీదారు ఎన్‌పీడీ అని రాసి వదిలేయవచ్చు. పనితీరు నిర్ధారించలేదు అని దానర్థం. కనీసం ఒక లక్షణం ప్రకటిస్తే చాలు, సీఈ గుర్తు వేసుకోవచ్చు. ఇందులో మోసమేమీ లేదు, చట్టమే ఇచ్చిన వెసులుబాటు. అయినా చలి దేశంలో వరండాకు టైల్స్ కొనే మనిషి, మంచు తట్టుకునే గుణం ఎదురుగా ఎన్‌పీడీ అని ఉన్న కాగితాన్ని చదవకుండా గుర్తొక్కటే చూసి డబ్బు కడితే రెండు చలికాలాల్లో టైల్ పెచ్చులూడొచ్చు. ఆ కాగితాన్ని ఎవరూ చదవకపోవడమే ఈ మొత్తం వ్యవస్థలో అతి పెద్ద బలహీనత.

చదివితే ఎంత తెలుస్తుందో గోడలకు వాడే రాతి ఉన్ని ఒక్కటి చూస్తే చాలు. దాని లేబుల్ మీద 0.035 అనే అంకె ఉంటుంది. ఉష్ణం ఎంత సులువుగా దాటిపోతుందో చెప్పే అంకె. ఎంత తక్కువైతే ఇల్లు అంత వెచ్చన. ఒక మంచి ముక్క ఏరి, కొలిచి, ఆ అంకె అచ్చేసుకుంటామంటే కుదరదు. ఫ్యాక్టరీలో తయారయ్యే సరుకులో 90 శాతం ఆ అంకెకు తగ్గట్టు ఉంటుందని 90 శాతం నమ్మకంతో చెప్పగలిగేలా గణాంకాలు కట్టాలి. సరుకు ఒక రోజు ఒకలా మరో రోజు ఇంకోలా వచ్చే ఫ్యాక్టరీ, సగటు బాగున్నా, నాసి అంకే ప్రకటించుకోవాలి. తయారీలో నిలకడకు నేరుగా విలువ కట్టిన ఈ నియమం ఈ వ్యవస్థలోకెల్లా తెలివైనది.

మంట సంగతికొస్తే లెక్క ఇంకా కఠినం. ఏ1, ఏ2, బి, సి, డి, ఇ, ఎఫ్ అని ఏడు తరగతులు. పొగకు ఎస్1 నుంచి ఎస్3 దాకా, మండుతూ రాలే చుక్కలకు డి0 నుంచి డి2 దాకా తోకలు. బి నుంచి డి దాకా తేల్చే ముఖ్యమైన పరీక్షలో, మీటరున్నర ఎత్తున్న రెండు రెక్కల్ని గది మూలలా నిలబెడతారు. ఒకటి మీటరు వెడల్పు, రెండోది అర మీటరు. మూలలో సుమారు 30 కిలోవాట్ల గ్యాసు మంట పెడతారు. గదిలో ఓ మూల చెత్తబుట్ట అంటుకుంటే ఎంత మంట వస్తుందో అంత. పైన హుడ్‌లోకి వెళ్ళే పొగలో ఆక్సిజన్ ఎంత తగ్గిందో కొలిచి, ఎంత వేడి ఎంత వేగంగా పుట్టిందో లెక్కగడతారు. బి అంటే గదంతా ఒక్కసారిగా అంటుకునే స్థితిని రానివ్వని సరుకు. ఇ అంటే రెండు నిమిషాల్లోపే గదిని ఆ స్థితికి తెచ్చే సరుకు.

ఈ రెండక్షరాల మధ్య తేడా ఎంతటిదో 2017 జూన్ 14 తెల్లవారుజామున లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ చెప్పింది. నాలుగో అంతస్తులో ఒక ఫ్రిజ్ దగ్గర మొదలైన మంట, గోడ బయటి తొడుగు పట్టుకుని 24 అంతస్తుల భవనమంతా పాకింది. 72 మంది చనిపోయారు. ఆ తొడుగు రెండు పల్చటి అల్యూమినియం రేకుల మధ్య 3 మిల్లీమీటర్ల పాలిథిలీన్ పెట్టి చేసిన పలక. దాన్ని బిగించడానికి రెండు పద్ధతులున్నాయి: చదునుగా రివెట్లు కొట్టడం, లేదా అంచులు మడిచి పళ్ళెంలా చేసి వేలాడదీయడం. ఫ్రాన్స్‌లో జరిగిన పరీక్షల్లో రివెట్ల పలక బి తెచ్చుకుంది. మడిచిన పలక చాలా ఘోరంగా మండి ఇ దగ్గర ఆగింది. గ్రెన్‌ఫెల్‌కు బిగించింది మడిచినదే.

ఈ పలక అమ్మకంలో ముఖ్యపాత్ర సీఈ గుర్తుది కాదు, 2008లో ఇచ్చిన ఒక బ్రిటిష్ ధ్రువపత్రానిది. కానీ అందులో రాసిన మంట తరగతి ఈ యూరప్ పద్ధతిదే. బి అని మాత్రమే రాసి, మడిచిన పలక సంగతి వదిలేశారు. సర్ మార్టిన్ మూర్-బిక్ నాయకత్వంలోని విచారణ సంఘం 2024 సెప్టెంబరు 4న తుది నివేదిక ఇచ్చింది. పలకలు చేసిన ఆర్కోనిక్ అనుబంధ సంస్థ, మడిచిన పలక ఎంత ప్రమాదకరమో మార్కెట్‌కు తెలియకుండా కావాలనే దాచిందని అందులో రాసింది. ప్రమాదకరమైన సరుకు అమ్మామన్న మాటను ఆర్కోనిక్ తోసిపుచ్చింది. ధ్రువపత్రమిచ్చిన సంస్థనూ, నియమాలను పట్టించుకోని ప్రభుత్వాన్నీ కూడా నివేదిక గట్టిగా తప్పుపట్టింది. పరీక్ష తన పని తాను చేసింది. ప్రయోగశాల నిజమే చెప్పింది. ఆ నిజం కొనేవాడి చేతికి చేరే దారిలో మనుషులున్నారు.

ఇలాంటి భయంతోనే కావచ్చు, జర్మనీ ఎంతోకాలం సీఈ గుర్తుతో తృప్తిపడలేదు. పైపు సీళ్ళకూ, ఇన్సులేషన్ ఉన్నికీ, గేట్లకూ సీఈ ఉన్నా సరే, తన సొంత ‘యూ’ గుర్తు కూడా కావాలంది. ఉమ్మడి ప్రమాణాల్లో లోపాలున్నాయన్నది దాని వాదన. 2014 అక్టోబరు 16న యూరప్ న్యాయస్థానం కుదరదంది: లోపాలుంటే ప్రమాణాన్ని సరిచేయించే దారి చట్టంలో ఉంది, ఆ దారిలో వెళ్ళాలి గానీ అదనపు ముద్ర వేయకూడదు. వ్యాపారం కోణంలో తీర్పు సరైనదే. కానీ ఉమ్మడి ప్రమాణం సవరించడం ఏళ్ళు పట్టే పని. ఆలోగా కట్టే ఇళ్ళ సంగతి ఏమిటన్న జర్మనీ ఇంజనీర్ల ఆందోళనను తేలిగ్గా కొట్టిపారేయలేం.

మరో విచిత్రం. కాంక్రీటులో వేసే ఉక్కు చువ్వలకు యూరప్‌లో సీఈ లేదు, లారీలో వచ్చే రెడీమిక్స్ కాంక్రీటుకూ లేదు. వాటికి ఇప్పటికీ ఆయా దేశాల నియమాలే. భవనానికి వెన్నెముకలాంటి రెండు వస్తువులు ఈ గుర్తు పరిధిలోనే లేవంటే, గుర్తు ఉన్నది మంచిది, లేనిది చెడ్డది అనుకోవడం ఎంత పొరపాటో తెలుస్తుంది.

మన రాళ్ళు కూడా ఈ గుర్తుతోనే యూరప్ గడప దాటుతున్నాయి. ప్రకాశం జిల్లా చీమకుర్తి నుంచి వెళ్ళే బ్లాక్ గెలాక్సీని వ్యాపారంలో గ్రానైట్ అంటారు. భూగర్భ శాస్త్రం ప్రకారం అది గాబ్రో-నోరైట్ జాతి. నల్లరాతిలో బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజానివి. క్వారీ దిమ్మగా ఓడ ఎక్కితే దానికి సీఈ అక్కర్లేదు. ఇటలీలో కోసి పాలిష్ పట్టిన వాడే తయారీదారు, బాధ్యతా అతనిదే. అదే రాయిని ఇక్కడే కోసి, నేలకో మెట్లకో గోడకో తయారు బండగా పంపితే ఇక్కడి ఫ్యాక్టరీ తయారీదారవుతుంది. లేదా, అక్కడి దిగుమతిదారు తన పేరు మీద అమ్ముకుంటే ఆ బాధ్యతంతా నెత్తికెత్తుకోవాలి. రాయికి మంట పరీక్ష అవసరం లేదు. పరీక్ష లేకుండానే ఏ1 అనుకోదగ్గ వస్తువుల జాబితాను యూరప్ 1996లోనే ప్రకటించింది, అందులో సహజ శిల ఉంది.

బ్రిటన్ పెరటి దారుల్లో పరిచే కడప నల్లబండలకూ తాండూరు బండలకూ గట్టి పరీక్ష పెట్టేది అక్కడి చలి. పొరలు పొరలుగా ఏర్పడిన సున్నపురాళ్ళివి. పొరల మధ్య చేరిన నీళ్ళు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బి రాతిని చీలుస్తాయి. మన ఊళ్ళలో తరతరాలుగా అరుగుల మీద చెక్కుచెదరని బండకు ఈ అనుభవమే ఉండదు. అందుకే ప్రయోగశాలలో బండ ముక్కను నీళ్ళు పట్టించి, చల్లటి గాలిలో గడ్డకట్టించి, మళ్ళీ నీళ్ళలో కరిగించి, ఇలా పదుల సార్లు చేశాక వంచి విరుస్తారు. మొదటి బలంలో ఎంత మిగిలిందో ప్రకటనలో రాస్తారు. అడుగున రబ్బరు కట్టిన లోలకాన్ని తడి బండ మీదుగా ఊపి, ఎంత జారుతుందో కొలుస్తారు. దారికి పరిచే బండలు నాలుగో అంచె సరుకు. పక్కన నాలుగంకెల నంబరు ఉండదు, ఫ్యాక్టరీ రిజిస్టరే సాక్ష్యం. ప్రకటనలో రాతి వ్యాపారనామం, శిలాజాతి, రంగుతోపాటు పుట్టిన చోటు కూడా రాయాలి. చీమకుర్తి పేరు యూరప్ కాగితాల్లోకి ఎక్కేది అలాగే.

ఇప్పుడు నియమాలు మళ్ళీ మారుతున్నాయి. 2024/3110 నంబరు కొత్త రెగ్యులేషన్ 2025 జనవరిలో అమల్లోకి వచ్చింది, దానిలోని చాలా భాగం 2026 జనవరి 8 నుంచి వర్తిస్తుంది. వస్తువు తయారీలో ఎంత కర్బనం గాలిలో కలిసిందో కూడా క్రమంగా ప్రకటించాలి. కాగితం బదులు డిజిటల్ పాస్‌పోర్టు రాబోతోంది. పాత ప్రమాణాలు కొత్త చట్టం కిందికి ఒక్కొక్కటిగా మారాలి కాబట్టి, పాత రెగ్యులేషన్‌లో కొన్ని భాగాలు 2040 దాకా బతికే ఉంటాయి. యూరోపియన్ యూనియన్ వదిలి వెళ్ళిన బ్రిటన్ తన సొంత యూకేసీఏ గుర్తు తెచ్చింది. అయినా నిర్మాణ సామగ్రికి సీఈ గుర్తును ఇంకా అంగీకరిస్తామని 2024 సెప్టెంబరులో ప్రకటించింది.

మ్యూనిక్‌లోనో డబ్లిన్‌లోనో ఇల్లు బాగుచేయించుకుంటున్న తెలుగువాళ్ళూ, కడప నుంచి తాండూరు దాకా అక్కడికి బండలు పంపుతున్న యజమానులూ ఒక్క పని చేయాలి: పనితీరు ప్రకటన చదవాలి. పనితీరు ప్రకటన అడిగితే అమ్మేవాడు ఇచ్చి తీరాలి, డబ్బు అడగకూడదు. తయారీదారు దాన్ని పదేళ్ళు భద్రపరచాలి. ఆ కాగితం చేతికొచ్చాక ముందు ఎన్‌పీడీ అని ఉన్న వరుసలు చూడండి. మీ అవసరం ఆ వరుసలోనే ఉంటే ఆ సరుకు మీకు పనికిరాదు.